బయట చేరని నెలలు

పెళ్ళి ఖాయం కాకముందే ఒకరోజు నా భార్య నాకు ఫోన్ చేసింది. అప్పటికింకా మడకశిరలో ఒక్కసారి చూసి వచ్చిన అమ్మాయి, అంతే. తనకు ఎడమవైపు అండాశయంలో చాక్లెట్ సిస్టు ఉంటే పొట్టమీద చిన్న గంట్లు పెట్టి తీసేశారనీ, ఎండోమెట్రియోసిస్ అనే జబ్బువల్ల అలా వస్తుందనీ, మళ్ళీ వచ్చినా రావచ్చనీ చెప్పింది. "చెప్పాల్సింది చెప్పినా. ఆలోచించుకోని మాట చెప్పండి" అంది. ఆ రిపోర్టు ఫోటో తీసి పంపుతారా అని అడిగాను. అనుమానంతో కాదు, కాగితం చూడందే నాకు ఏ సంగతీ బుర్రకెక్కదు. పంపింది. చదివి, కొన్ని ప్రశ్నలు వరసగా రాసి పంపాను. చివరి ప్రశ్న, ఇప్పుడు నొప్పి ఎలా ఉంది అని.

"అది మొదట అడిగింటే బాగుండు" అని జవాబొచ్చింది.

ఇప్పటికీ చుట్టాల ముందు ఆ మాట ఎత్తుతుంది. "అందరూ జాతకం అడుగుతారు. ఈయప్ప స్కాను రిపోర్టు అడిగినాడు."

నేను ముదిగుబ్బకు కొంత దూరంలో ఒక సోలార్ ప్లాంటులో ఇన్వర్టర్లు చూసుకునే ఇంజనీరును. నాయనకు ఆ ఊళ్ళోనే విత్తనాలు, ఎరువుల అంగడి. నా భార్య పక్క పల్లె బడిలో టీచరు, పొద్దున్నే బస్సెక్కి పోతుంది. అమ్మ ఇల్లు చూసుకుంటుంది. ఇల్లు చూసుకోవడమంటే ఇంట్లో పద్ధతులు చూసుకోవడం కూడా. మాది అంగళ్ళు నడుపుకునే కులం, మడి కొంచెం ఎక్కువ. ఆడవాళ్ళు నెలసరిలో మూడు దినాలు బయట చేరడం మా ఇంట్లో ఇంకా ఉంది. బయటంటే మరీ బయటేం కాదు, మేడమెట్ల కింద ఉన్న చిన్న గది. వేరే చాప, అన్నానికి వేరే తట్ట, వేరే చెంబు. నాలుగో దినం తలకు పోసుకుని ఇంట్లోకి రావడం.

పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి నా భార్యకు చెప్పడానికి నేను చాలా తంటాలు పడ్డాను. ఆమె చదువుకున్న మనిషి, ఏమంటుందో అని. ఆమె గది తలుపు తీసి చూసి, "ఫ్యాను ఉండాదా?" అని మాత్రం అడిగింది. ఉంది. "అయితే సరిపోయింది. ఆ మూడు దినాలు నన్నెవరూ లేపకుంటే అంతే చాలు" అంది.

ఎందుకలా అందో మొదటి నెలలోనే అర్థమైంది. నొప్పి వచ్చినప్పుడు ఆమె గోడవైపు తిరిగి, మోకాళ్ళు పొట్టకు హత్తుకుని పడుకునేది.  ఎలా ఉంటుందని ఒకసారి అడిగితే, "చెనిక్కాయలు ఒలిచే మిషన్‌లో పడేసి తిప్పినట్టుంటాది" అంది. అమ్మ పద్ధతి తప్పే మనిషి కాదు. ముట్టుకోకూడదు. కానీ వేణ్ణీళ్ళ సంచి కాపి, గది గడప దగ్గర పెట్టి, ఇల్లు తుడిచే వైపరు కర్రతో దాన్ని మెల్లగా చాప దాకా తోసేది. చల్లారితే అదే కర్రతో వెనక్కి లాక్కునేది. "ఇంకొంచెం ఎడమకు తొయ్యత్తా" అని లోపల్నించి, "అంతకంటే వంగనీకి కాదు నా నడుముకు, నువ్వే జరుగు" అని బయటనించి. ఆ నొప్పిలో కూడా నా భార్య నవ్వడం విన్నాను.

పెళ్ళయిన రెండో ఏడు స్కాన్‌లో ఎడమవైపు మళ్ళీ సిస్టు కనిపించింది. కుడివైపు కూడా చిన్నది. అనంతపురంలో డాక్టరమ్మ తెల్లకాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి, సంచి లోపలి పొరలాంటిదే బయట కూడా అక్కడక్కడ పెరుగుతుందని, నెలనెలా అక్కడా రక్తం వస్తుందని, దానికి బయటికి పోయే దారి ఉండదని చెప్పింది. అండాశయంలో అలా నిలిచిపోయిన పాత రక్తమే ఈ సిస్టు. బొమ్మలో ఎడమవైపు గుండ్రాన్ని పెన్నుతో నల్లగా నింపింది.

"ముందే ఒక మాట. నేను చెప్పబోయే వాటిల్లో ఏదీ దీన్ని వేళ్ళతో సహా తీసేసేది కాదు. అన్నీ అదుపులో పెట్టేవే" అని, ఒక్కొక్కటే చెప్పింది. నేను ఫోన్‌లో రాసుకున్నాను. మళ్ళీ ఆపరేషన్ చేయవచ్చు, కానీ సిస్టును ఒలిచిన ప్రతిసారీ అండాశయంలో ఉన్న గుడ్ల నిల్వ కొంత పోతుంది. ఇప్పటికే ఒకసారి అయింది కాబట్టి తొందరపడొద్దు. నెలకో ఇంజెక్షన్ ఉంది, అది అండాశయాల పనిని కొన్నాళ్ళు నిద్రపుచ్చుతుంది. నొప్పి బాగా తగ్గుతుంది గానీ ముట్లుడిగిన వాళ్ళకు మల్లే ఒంట్లో ఆవిర్లు, ఎముకలు పల్చబడటం, అందుకని ఎక్కువ కాలం వాడరు. గర్భసంచిలో పెట్టే హార్మోను లూప్ ఉంది. నొప్పికి మంచిదే, రోజూ మాత్ర గుర్తుపెట్టుకునే పని ఉండదు, కానీ అండాశయంలో సిస్టు రాకుండా చూడటంలో దానిమీద అంత భరోసా పెట్టుకోలేం. రెండు హార్మోన్లు కలిపిన మాత్ర ఉంది, చాలామందికి మొదట ఇచ్చేది అదే. ఒకటే హార్మోను ఉన్న మాత్ర ఇంకోటి, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మొదటి నెలల్లో అడ్డదిడ్డంగా కొంచెం కొంచెం రక్తం కనిపిస్తుంది, తర్వాత చాలామందికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. కొందరికి మనసు దిగులుగా ఉంటుంది.

"నీకు తలనొప్పి వస్తుందా?" అని డాక్టరమ్మ నా భార్యను అడిగింది.

"వస్తాది. రాకముందు కండ్ల ముందర తళతళమని వంకర గీతలు కనపడ్తాయి."

నేను రాయడం ఆపి ఆమెవైపు చూశాను. ఆ గీతల సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. డాక్టరమ్మ కాగితం మీద రెండు హార్మోన్ల మాత్రను కొట్టేసింది. అలాంటి తలనొప్పి ఉన్నవాళ్ళకు ఆ మాత్రవల్ల మెదడులో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం పెరుగుతుందట.

బయటికొచ్చాక, "గీతల సంగతి నాకేంటికి చెప్పలేదు?" అన్నాను.

"గీతలు అందరికీ కనపడ్తాయేమో అనుకున్యా" అంది.

ఆ వారం ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక చేశాను. అడ్డంగా మందులు, నిలువుగా చూడాల్సిన సంగతులు. నొప్పి, సిస్టు మళ్ళీ రావడం, ఎముకలు, గుడ్ల నిల్వ, ఖర్చు, అనంతపురం ఎన్నిసార్లు పోవాలి, ఆపితే పిల్లలకు ఎంత త్వరగా కుదురుతుంది. ప్లాంటులో ఏ ఇన్వర్టరు మార్చాలో తేల్చుకునేదీ నేను ఇలాగే. ఆమె నన్ను ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, చదివి, కింద రెండు వరసలు తనే టైపు చేసింది. బస్సులో నిలబడగలగడం. ఊరికే ఏడుపు రాకపోవడం. తర్వాత నేను రాసిన ఆఖరి వరస, ఇంట్లో వాళ్ళు ఏమంటారు అనేది, తీసేసింది.

"అది కూడా చూడాల్సిందే కదా" అన్నాను.

"సుమ్మనే ఉండప్పా" అంది. వాళ్ళ ఊరివైపు కన్నడం అది, ఊరుకోమని. "పొట్ట నాది. ఆ వరస నేను చూసుకుంటా."

పట్టికలో పట్టనిది ఒకటే ఉంది. ఇవన్నీ వద్దనుకుని ముందు పిల్లల కోసం చూడటం. డాక్టరమ్మ దాన్ని కూడా ఒక దారిగానే చెప్పింది. కాన్పు అయితే జబ్బు పోతుందని మాత్రం అనుకోవద్దు, కొందరికి కొన్నాళ్ళు నెమ్మదిస్తుంది అంతే, అంది. పిల్లలు కావాలా, ఎప్పుడు కావాలి అని మేమిద్దరం నిజంగా కూర్చుని మాట్లాడుకున్నది అప్పుడే.

"కావల్ల" అంది నా భార్య. "కానీ నాకు పదమూడేండ్లప్పుడు మొదలయింది ఈ నొప్పి. అది లేకుండా ఒక సంవత్సరం ఎట్లుంటాదో నాకు తెలీదు. ఒక్కసారి చూడల్ల. చూసినాక కడుపు, కాన్పు ఏదైనా పడ్తా."

అదే తేలింది. ఒంటి హార్మోను మాత్ర. కొన్ని నెలలు వాడి, స్కాన్ చూసి, అప్పుడు ఆపాలా సాగించాలా అనుకోవడం. ఇంట్లో, సిస్టు మళ్ళీ వచ్చింది, నొప్పికి మాత్రలిచ్చారు అని చెప్పాం. అబద్ధం కాదు. నెలసరి ఆగుతుందనీ, మాత్ర వాడినన్నాళ్ళు కడుపు రాదనీ చెప్పలేదు. అది అత్తకు తనే చెప్తానంది నా భార్య, వీలు చూసుకుని.

ఆ వీలు వచ్చే లోపలే మాత్ర మా ఇంటి పద్ధతుల మీద పని చెయ్యడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ చెప్పినట్టే మొదటి నెలల్లో ఒక చుక్క కనపడటం, ఆగడం, మళ్ళీ కనపడటం. నా భార్య మెట్ల కింద గదిలో చేరేది. నాలుగో దినం తలకు పోసుకుని ఇంట్లోకొచ్చేది. సాయంత్రానికి మళ్ళీ గదిలోకి. అమ్మ ఆమె తట్ట కడిగి ఎండకు పెట్టేసరికి మళ్ళీ దాని అవసరం వచ్చేది. తలకు పోసుకుని పోసుకుని ఆమెకు జలుబు పట్టింది. ట్యాంకరు నీళ్ళ ఇల్లు మాది. నాయన అంగట్లోంచి వచ్చి తొట్టి చూసి, "ఏమప్పా ఇది, ఇంట్లో ఎవరన్నా చేపలు పెంచుతాండారా?" అన్నాడు.

అమ్మకు దిక్కు తోచలేదు. ఆమెకు తెలిసిన పద్ధతిలో ఇలాంటి సంగతి లేదు. కదిరిలో ఉండే మా పెద్దమ్మకు ఫోన్ చేసింది. పెద్దమ్మంటే అమ్మకు అక్క. పద్ధతుల విషయంలో అమ్మకు ఏ అనుమానమొచ్చినా ఆమె మాటే చివరి మాట. స్పీకరు పెట్టి మాట్లాడింది కాబట్టి ఇల్లంతా వింది.

"నెలకు మూడు దినాలు లెక్క. ఆ పైన చుక్కకు లెక్క లేదు. ఇంట్లోకి రానీ" అంది పెద్దమ్మ.

"పూజ గదిలోకి?"

"ఆడికొద్దు. వంటింట్లోకి రావచ్చు."

"రోలు ముట్టుకోవచ్చునా?"

"నీకు చట్నీ కావల్లా వద్దా?"

అమ్మ ఫోన్ పెట్టేసి, గది వైపు చూసి, "రామ్మా, తీర్పయింది" అంది.

ఆ తర్వాత రక్తం పూర్తిగా ఆగిపోయింది. నొప్పి కూడా. మొదట్లో నా భార్య నమ్మలేదు. నెల తిరిగే వేళకు బడికి సెలవు చీటీ ముందే రాసి సంచిలో పెట్టుకునేది. చీటీ మడత నలిగింది గానీ వాడాల్సి రాలేదు. బస్సులో నిలబడి పోయింది. పిల్లలతో ఖోఖో ఆడింది. సాయంత్రాలు అప్పుడప్పుడు కారణం లేకుండా కళ్ళు నిండేవి. "చూడు, మీ మాత్ర ఏడుపు వచ్చినాది" అని తుడుచుకునేది. ఆ దిగులు గురించి డాక్టరమ్మకు ఫోన్ చేశాం. గమనిస్తూ ఉండమంది, పెరిగితే వెంటనే రమ్మంది. పెరగలేదు. ఒకరోజు ఆమె వరండాలో తాడాట ఆడుతుంటే నేను ప్లాంటు నించి వచ్చి గేటు దగ్గరే నిలబడిపోయాను. "ఏమప్పా, ఆడోళ్ళు ఎగరకూడదా?" అంది, ఆగకుండా.

అదే రోజుల్లో అమ్మలో మార్పు వచ్చింది. ఇన్వర్టరులో తేడా వస్తే ఏ రీడింగు ఎప్పుడు మారిందో చూసినట్టు, నేను గమనిస్తూ వచ్చాను. ఇంట్లోకి బొప్పాయి రావడం ఆగింది. నీళ్ళ బిందె నా భార్య చేతిలోంచి లాక్కోవడం మొదలైంది. పొద్దున రాగి మాల్టులో ఖర్జూరం నూరి కలుపుతోంది. తాడాట తాడు ఎక్కడో మాయమైంది. నేను వీటన్నిటికీ ఒకే కారణం తేల్చాను. కోడలికి జబ్బు తిరగబెట్టిందని అమ్మకు జాలి కలిగింది. నాకెంతో సంతోషమైంది. ఆ మాటే నా భార్యతో అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. "నిన్న మీ అమ్మ చింతకాయ తొక్కు నా తట్టలో వేసి, ఎంత తింటానో అని కూర్చోని చూసినాది. నేను రెండోసారి వేసుకుంటే ముఖమంతా వెలిగింది. ఇంకా అర్థం కాలేదా ఇంజనీరూ?"

అర్థం కాలేదు.

"నేను మెట్ల కింద చేరి మూడు నెలలాయ. మీ ఇంట్లో క్యాలెండర్ ఆ గదే."

అప్పుడు తెలిసింది. మా ఇంట్లో ఒక ఆడమనిషికి నెల తప్పిందని ఎవరూ చెప్పక్కర్లేదు. చాప పరుచుకోలేదంటే అందరికీ తెలిసినట్టే. అమ్మ అడగలేదు, ఎందుకంటే మూడో నెల నిండేదాకా ఆ మాట నోటితో అడగకూడదు. అదీ పద్ధతే. కోడలు చెప్పలేదు కాబట్టి, కోడలు కూడా పద్ధతి పాటిస్తోందని అమ్మ మురిసిపోతోంది.

"రేపు చెప్పేస్తా" అంది నా భార్య.

ఆ రేపు పొద్దున్నే కదిరి బస్సులో పెద్దమ్మ దిగింది. చేతిలో పూలు, రవిక గుడ్డ, డబ్బా నిండా కజ్జికాయలు. గుమ్మంలోనే నా భార్య గడ్డం పట్టుకుని ముద్దాడింది. అమ్మ వెనక నిలబడి, నేనేం చెప్పలేదన్నట్టు పైకప్పు చూస్తోంది. నాయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దమ్మ పూలు తుంచి కోడలి తల్లో పెట్టబోయింది.

నా భార్య ఆ చెయ్యి మెల్లగా పట్టుకుంది. "పెద్దత్తా, కూర్చోండి ముందు. అత్తా, నువ్వూ కూర్చో."

ఇద్దరూ వంటింటి గడప దగ్గర పీటల మీద కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఏదైనా కలగజేసుకుని చెబుదామనుకున్నాను గానీ ఆమె నావైపు చూడలేదు.

"నాకు నెల తప్పలేదు అత్తా. నేను వేసుకునే మాత్ర దాన్ని నిలిపేసినాది. నిలపనీకే ఆ మాత్ర. నిలిస్తేనే నొప్పి రాదు, సిస్టు పెరగదు."

 పెద్దమ్మే అడిగింది. "మరి పిల్లోల్లు?"

"మాత్ర వేసుకున్నన్నాళ్ళు రారు. నిలిపేస్తే అప్పుడు చూడొచ్చు."

"ఒక బిడ్డ పుడితే ఆ నొప్పంతా అదే పోతాది గదమ్మా. మాకందరికీ పోలే?"

"పోతాదని డాక్టరమ్మ చెప్పలేదు పెద్దత్తా. పోయినా పోవచ్చు, మళ్ళీ వచ్చినా రావచ్చు అనింది."

అమ్మ లేచింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, దించింది. దించి, అలాగే గోడవైపు నిలబడింది. "నేనేమన్నా దయ్యాన్నా?" అంది చివరికి, వెనక్కి తిరగకుండా. "సంచి కాపి కర్రతో తోసినదాన్ని నేను. నాకు చెప్పేదానికి ఏమొచ్చింది మీకు?"

  పెద్దమ్మ రవిక గుడ్డను మళ్ళీ సంచిలో పెట్టుకోబోయి, ఎందుకో ఆగి, "తీసుకో, గుడ్డకేం తెలుస్తాది" అని కోడలి ఒళ్ళో పెట్టింది. మధ్యాహ్నం బస్సుకు పోయింది. కజ్జికాయలు నాయన ఒక్కడే తిన్నాడు. ఎవరూ మాట్లాడని ఇంట్లో ఆయన నమిలే చప్పుడు బాగా వినపడింది.

తర్వాత అమ్మ కొన్నాళ్ళు ముభావంగా ఉంది. కోపమంటే కోపం కాదు. వంట చేసేది, వడ్డించేది, బిందె లాక్కోవడం మాత్రం మానేసింది. మాల్టులో ఖర్జూరం ఆగింది. నా భార్యకు అదే కష్టంగా ఉండేది. "తిట్టింటే బాగుండు" అనేది. ఒకరోజు మేడ మీద బట్టలు తీస్తూ, కింద వీధిలో అమ్మ పక్కింటామెతో మాట్లాడటం వింది. పక్కింటామె, ఏమమ్మా కోడలికి ఎన్నో నెల అని అడిగింది. అమ్మ ఆమెకు ముందే చెప్పేసి ఉంటుంది.

"యాడ కడుపమ్మా. నేనే తొందరపడి నోరు జారినా" అంది అమ్మ. "పిల్ల నొప్పితో అల్లాడతాంటే డాక్టరమ్మ కొన్నాళ్ళు నిలపమనింది. మేమే సరే అన్యాము. తగ్గినాక వాళ్ళే చూసుకుంటారు."

"మేమే సరే అన్యాము అనింది" అని నా భార్య నాకు చెప్పింది. బట్టలన్నీ చేతిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. "ఆమె యాడ సరే అనింది? అట్లాంటి మనిషికి చెప్పకుండా ఉంటిమే." బట్టలు పక్కన పెట్టి, "ఆపేద్దామా?" అంది. "మాత్ర ఆపేసి, పిల్లల కోసం చూద్దామా? ఆమె ముఖం చూడలేకపోతాండా."

ఇలాంటప్పుడు నేను చేసే పని ఒకటే. ల్యాప్‌టాప్ తెద్దామా అన్నాను. ఆమె వద్దంది. "నీ పట్టికలో నేను కొట్టేసింది ఒక వరసే. ఇప్పుడు నాకు అదొక్కటే కనపడ్తాండాది."

నాకు ఏమనిపించిందో అది చెప్పాను. ఆపాలని నీకుంటే ఆపుదాం, అమ్మ కోసం ఆపొద్దు అని. చెప్పినంత తేలిక కాదు. రోజూ ఆ ముభావం పక్కన కూర్చుని అన్నం తినేది ఆమె, నేను పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి.

స్కాన్‌కు పోవాల్సిన రోజు దగ్గర పడింది. నేను సెలవు పెట్టి, కారు మాట్లాడాను. పొద్దున బయల్దేరుతుంటే అమ్మ మంచి చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"యాడికమ్మా?" అన్నాను.

"యాడికి పోతాండారు మీరు?"

"అనంతపురం."

"నేనూ ఆడికే" అని వెనక సీట్లో నా భార్య పక్కన ఎక్కి కూర్చుంది. నా భార్య అద్దంలోంచి నాకేసి చూసింది. ఆ చూపులో భయముంది. ఇంక మాత్ర ఆపేయక తప్పదని ఆమె అప్పుడే అనుకున్నట్టుంది. అత్తను పక్కన పెట్టుకుని డాక్టరమ్మ ముందు ఇంకో మాట చెప్పగలదా? ముదిగుబ్బ దాటాం. గాలి మరలు కొండల మీద తిరుగుతున్నాయి. అమ్మ, "కిటికీ ఎత్తు, దుమ్ము" అంది. అంతే.

స్కాన్ బాగా వచ్చింది. ఎడమవైపు సిస్టు బాగా తగ్గింది. కుడివైపుది కనపడనే లేదు. డాక్టరమ్మ, గుడ్ల నిల్వ పరీక్ష ఫలితం కూడా చూసింది. వయసుకు కొంచెం తక్కువే గానీ కంగారు పడేంత కాదు. "ఇప్పుడు మీ ఇష్టం. మాత్ర ఆపి పిల్లల కోసం చూడొచ్చు. లేదా ఇంకొన్నాళ్ళు సాగించొచ్చు. రెండూ తప్పు కాదు" అంది నా భార్యతో.

నా భార్య నోరు తెరిచే లోపల అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అమ్మా, ఇప్పుడు ఆపితే నొప్పి మళ్ళీ వస్తాదా?"

"రావచ్చు. కొందరికి తొందరగా, కొందరికి ఆలస్యంగా."

"ఆపకపోతే బిడ్డల సంచికేమన్నా చెడుపు చేస్తాదా ఈ మాత్ర?"

"చెయ్యదు. ఆపితే మామూలుగా మొదలవుతుంది. కానీ ఏళ్ళ తరబడి వాయిదా వెయ్యకండి. వయసు పెరిగే కొద్దీ నిల్వ తగ్గుతుంది, అది మాత్రతో సంబంధం లేకుండా తగ్గేదే."

అమ్మ తలాడించింది. అంగట్లో ఒక రైతుకు ఏ విత్తనం ఏ నేలకు పనికొస్తుందో నాయన చెబుతుంటే, పక్కన కూర్చుని తను తలాడించేది సరిగ్గా ఇలాగే. తర్వాత నావైపు కాదు, కోడలి వైపు తిరిగింది.

"నీకెన్నాళ్ళు కావల్ల?"

 డాక్టరమ్మ చూస్తోంది. నేను నేల చూస్తున్నాను, ఆమె జవాబు నా ముఖం మీద వెతుక్కోకూడదని.

"మొహమాటపడొద్దు. నా కోసం చెప్తే నాకు తెలిసిపోతాది" అంది అమ్మ. "మెట్ల కింద నువ్వెట్ల పండుకుంటివో నేను చూసినా. తాడు పట్టుకోని ఎగిరేదీ చూసినా. నీకెన్నాళ్ళు కావల్ల, చెప్పు."

"ఒక సంవత్సరం అత్తా."

"సంవత్సరం" అంది అమ్మ. ఆ మాటను నోట్లో పెట్టుకుని బరువు చూసినట్టు ఆగింది. ఆమె కళ్ళలో ఆశ పోలేదు, అది నాకు కనిపిస్తూనే ఉంది. దాన్ని ఒక సంవత్సరం అవతలికి జరపడం ఆమెకు సులభం కాదు. "సరే. రాయండమ్మా" అంది డాక్టరమ్మతో.

కింద మందుల అంగడి ముందు జనం. నేను చీటీ పట్టుకుని ముందుకు పోతుంటే అమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. అంగడివాళ్ళ ఇంటి మనిషి, బేరం ఇంకొకరికి వదలదు. నా భార్యను ఫ్యాను కింద బల్ల మీద కూర్చోబెట్టి, జనాన్ని తోసుకుని కౌంటరు మీద రెండు మోచేతులూ ఆనించింది. కుర్రాడు మాత్రల అట్టలు తెచ్చి పెట్టాడు. అమ్మ ఒకటి తిప్పి చూసింది, వెలుతురుకు పట్టుకుని చిన్న అక్షరాలు చదవబోయింది, చదవలేక నన్ను పిలిచింది. గడువు తేదీ చదివి చెప్పాను. దగ్గర్లోనే ఉంది.

"ఇది వద్దప్పా, పాత సరుకు" అంది కుర్రాడితో, అట్ట వెనక్కి తోస్తూ. "కొత్తవి చూసియ్యి. మా కోడలు ఇంకా సంవత్సరం వేసుకోవల్ల."